కలియుగ భీముడి గడ్డ మీద ఆడపిల్లకి బరువులేటి? | కరణం మల్లీశ్వరి కథ

ముందుగా ఒక చిన్న ప్రశ్న. వీడియో పాజ్ చేసి మీ ఇంట్లో వాళ్ళని అడగండి. ఒలింపిక్స్‌లో మెడల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ ఎవరు?

చాలామంది పి.టి. ఉష అంటారు. కాదు. ఉష గారు 1984లో లాస్ ఏంజెలెస్‌లో సెకనులో వందో వంతు తేడాతో నాలుగో స్థానంలో ఆగిపోయారు. ఆ మొదటి మెడల్ మన శ్రీకాకుళం జిల్లాది. ఆముదాలవలస పక్కన ఊసవానిపేట. కరణం మల్లీశ్వరి గారు. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో. ఆ ఒలింపిక్స్ మొత్తంలో ఇండియాకి వచ్చింది ఆ ఒక్క మెడలే.

పేరు మీరు వినే ఉంటారు, జీకే బిట్‌లో చదివే ఉంటారు. కానీ సిడ్నీ వెళ్ళే ముందు ఆవిడ గురించి ఏం రాశారో, ఏం మాట్లాడారో మీలో చాలామందికి తెలీదు. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. అయితే దానికి ముందు మన ఏరియాకే చెందిన ఒక మగాయన గురించి చెప్పాలి.

కోడి రామ్మూర్తి నాయుడు గారు. ఊరు వీరఘట్టం. అప్పట్లో శ్రీకాకుళం వైపు ఊరు, 2022లో జిల్లాలు మారాక పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది. విజయనగరంలో వ్యాయామం నేర్చుకుని, అక్కడే పిల్లలకి నేర్పించి, తర్వాత సర్కస్ కంపెనీ పెట్టారు. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకోవడం, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు ఊపిరి బిగబట్టి తెంపడం, కార్లని కదలకుండా ఆపడం... ఇవి ఆయన ప్రదర్శనలు. జనం ఆయన్ని కలియుగ భీముడు అన్నారు. ఇంగ్లీషోళ్ళు ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. వైజాగ్ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే ఉంది. ఆయన 1942లో చనిపోయారు. ఇప్పటికీ మన వైపు ఎవడైనా కాస్త కండ పెంచితే "ఏటిరా, కోడి రామ్మూర్తివా?" అంటారు. అది మెచ్చుకోలు.

అంటే బలమైన ఒళ్ళంటే మనకి కొత్త కాదు. ఊళ్ళల్లో తాలింఖానాలు ఉండేవి. బరువులెత్తడం, సంగిడీలు తిప్పడం, కుస్తీలు... అన్నీ ఉండేవి. కానీ అవన్నీ మగపిల్లల లోకం. ఆ లోకంలోకి ఒక ఆడపిల్ల వస్తే అదే ఒళ్ళు, అదే బలం గురించి మాట్లాడే భాష మొత్తం మారిపోయింది. భీముడు అన్న నోరే "ఆడపిల్లకి బరువులేటి?" అంది.

మల్లీశ్వరి గారిది పెద్ద ఆస్తులున్న ఇల్లు కాదు. నాన్నగారు రైల్వే ప్రొటెక్షన్ ఫోర్స్‌లో కానిస్టేబుల్. ఇంట్లో ఆడపిల్లలు, అందులో అక్కలు కూడా బరువులెత్తినవాళ్ళే. పన్నెండేళ్ళ వయసులో నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర మొదలుపెట్టారు. మొదట్లో బక్కగా ఉందని పక్కన పెట్టారని, వాళ్ళమ్మ శ్యామల గారు వెనక నిలబడ్డారని మల్లీశ్వరి గారే చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. గమనించండి. అప్పుడు సమస్య ఏంటి? బక్కగా ఉంది. తర్వాత ఇరవై అయిదేళ్ళ వయసులో సమస్య ఏంటో కాసేపట్లో చెప్తాను.

1990లో నేషనల్ క్యాంప్. అక్కడి నుంచి స్పీడు చూడండి. 1994లో ప్రపంచ చాంపియన్. 1995లో మళ్ళీ ప్రపంచ చాంపియన్. 54 కేజీల విభాగంలో. అర్జున అవార్డు వచ్చింది, ఖేల్ రత్న వచ్చింది, 1999లో పద్మశ్రీ వచ్చింది. 1998 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో 63 కేజీల్లో సిల్వర్. ఇవన్నీ సిడ్నీకి ముందే.

మరి ఇంత పెద్ద చాంపియన్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఎందుకు లేరు? ఎందుకంటే అప్పటికి ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోనే లేదు. మగవాళ్ళకి 1896లో, మొట్టమొదటి ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్ళకి 2000లో పెట్టారు. నూట నాలుగేళ్ళు ఆలస్యం! ఆవిడ ప్రపంచాన్ని గెలిచిన రోజుల్లో ఒలింపిక్స్ తలుపే తెరుచుకోలేదు. తెరిచేసరికి కేటగిరీ మారింది, వయసు మారింది, పెళ్ళయింది. 1997లో తోటి లిఫ్టర్ రాజేశ్ త్యాగి గారిని పెళ్ళి చేసుకుని హర్యానాలోని యమునానగర్ వెళ్ళారు.

ఇప్పుడు అసలు సంగతి. సిడ్నీ టీమ్‌లో ఆవిడ పేరు రాగానే విమర్శలు మొదలయ్యాయి. మణిపూర్‌కి చెందిన కుంజరాణి దేవి గారిని పక్కన పెట్టి ఈవిడని ఎందుకు పంపుతున్నారని అడిగారు. ఇది న్యాయమైన ప్రశ్నే. కుంజరాణి గారు చిన్న ప్లేయరేం కాదు, ఏళ్ళ తరబడి మెడల్స్ తెచ్చినావిడ. సెలక్షన్ మీద ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా.

కానీ విమర్శ అక్కడ ఆగలేదు. ఒంటి మీదకి వెళ్ళింది. లావైపోయిందన్నారు. ఏం తింటుంది, బీరు తాగుతుందట అని పత్రికల్లో రాశారు. ఎంత ఎత్తగలదు అన్న లెక్క పోయి, ఎంత ఉంది అన్న లెక్క వచ్చింది. చిన్నప్పుడు బక్కగా ఉండటం తప్పు, ఇప్పుడు బొద్దుగా ఉండటం తప్పు. మరి సరైన సైజు ఏదో ఎవరూ చెప్పరు.

ఆట తెలిసినవాళ్ళకి ఇందులో కామెడీ అర్థమవుతుంది. వెయిట్‌లిఫ్టింగ్‌లో కేటగిరీ అంటేనే ఒంటి బరువు. పోటీకి ముందు కాటా ఎక్కిస్తారు. ఆవిడ దిగింది 69 కేజీల విభాగంలో. ఆ విభాగంలో ఆడాలంటే దానికి తగ్గ బరువు ఉండాలి కదా! 54 కేజీల అమ్మాయి 69లోకి వస్తే లావైందని కాదు, కేటగిరీ మారిందని అర్థం. కోడి రామ్మూర్తి గారి పొట్ట మీద, తిండి మీద కథలు చెప్తే అవి పురాణాలయ్యాయి. మల్లీశ్వరి గారి తిండి మాత్రం వార్త అయింది.

సరే, సిడ్నీకి వెళ్దాం. ఈ ఆటలో రెండు భాగాలు. స్నాచ్ అంటే ఒకే ఊపులో నేల మీంచి తల మీదకి. క్లీన్ అండ్ జెర్క్ అంటే ముందు భుజాల మీదకి, తర్వాత పైకి. ఒక్కోదానికి మూడేసి ప్రయత్నాలు. రెండింట్లో బెస్ట్ కలిపితే టోటల్.

స్నాచ్‌లో ఆవిడ 110 కేజీలు ఎత్తారు. మన ఇళ్ళకి వచ్చే 25 కేజీల బియ్యం బస్తాలు నాలుగు, పైన ఇంకో పది కేజీలు. ఒకే ఊపులో. క్లీన్ అండ్ జెర్క్‌లో 130. అంటే అయిదు బస్తాలకి పైనే. టోటల్ 240. అప్పటికి పోటీ ఎంత టైట్‌గా ఉందంటే చైనా లిన్ వైనింగ్‌ది 242.5, హంగరీ మార్కుష్‌దీ 242.5. మల్లీశ్వరి గారికి ఇంకో ప్రయత్నం మిగిలుంది. 137.5 పెట్టారు. అది లేస్తే టోటల్ 247.5, గోల్డ్. ఒకేసారి ఏడున్నర కేజీల జంప్. లేవలేదు. బ్రాంజ్.

ఆ 137.5 నిర్ణయం సరైందేనా అని ఇప్పటికీ వాదనలు ఉన్నాయి. నాకైతే ఆ వాదన ఇష్టం. ఎందుకంటే అది ఆట గురించిన వాదన. గోల్డ్‌కి వెళ్ళాలా, ఉన్నది కాపాడుకోవాలా అని. ఒక ప్లేయర్ గురించి మాట్లాడాల్సిన పద్ధతి అదీ.

ఇంకో విచిత్రం. చైనా, హంగరీ ఇద్దరిదీ ఒకే టోటల్ కదా, గోల్డ్ ఎవరికి ఇచ్చారు? ఒంటి బరువు తక్కువున్న లిన్ వైనింగ్‌కి. అప్పటి రూల్ అది. ఆ రోజు ఒంటి బరువుకి నిజంగా పని పడింది అక్కడొక్కచోటే.

స్వతంత్రం వచ్చాక అప్పటిదాకా ఇండియాకి సొంతంగా ఒలింపిక్ మెడల్ తెచ్చినవాళ్ళు ఇద్దరే. 1952లో కుస్తీలో కె.డి. జాదవ్, 1996లో టెన్నిస్‌లో లియాండర్ పేస్. మూడో పేరు మల్లీశ్వరి. మర్నాటి నుంచి అవే నోళ్ళు ఉక్కు మహిళ అన్నాయి, దేశానికి బిడ్డ అన్నాయి. బీరు గురించి రాసినవాళ్ళు ఎక్కడికి పోయారో తెలీదు.

ఆ తర్వాత 2001లో బాబు పుట్టాడు. తల్లయ్యాక కూడా తిరిగొచ్చారు. 2002 కామన్వెల్త్ గేమ్స్ ప్లాన్‌లో ఉండగా నాన్నగారు చనిపోయారు, ఆగిపోయారు. 2004 ఏథెన్స్ వెళ్ళారు, అక్కడ టోటల్ రాలేదు, ఆట ఆపేశారు. 2021లో ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి మొదటి వైస్ చాన్స్‌లర్ అయ్యారు. బక్కగా ఉందని పక్కన పెట్టిన పిల్ల!

ఇంకో లెక్క చెప్తాను, ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఇండియాకి ఇప్పటిదాకా వచ్చిన ఒలింపిక్ మెడల్స్ రెండే. మల్లీశ్వరి గారి బ్రాంజ్, టోక్యోలో మీరాబాయి చాను గారి సిల్వర్. రెండూ ఆడవాళ్ళవే. మగవాళ్ళది ఒక్కటీ లేదు.

మరి మన దగ్గర ఇప్పుడు ఎలా ఉంది? విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో కొండవెలగాడ అని ఒక ఊరుంది. లిఫ్టర్ల ఊరు అంటారు. అక్కడి అమ్మాయి మత్స సంతోషి గారు 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కేజీల్లో 188 కేజీలు ఎత్తి మూడో స్థానంలో వచ్చారు. మొదటి స్థానంలో వచ్చిన నైజీరియా అమ్మాయి డోప్ టెస్టులో దొరకడంతో బ్రాంజ్ కాస్తా సిల్వర్ అయింది. అంటే ఊసవానిపేటతో ఆగలేదు. అయినా మా టౌన్‌లో ఒక జిమ్ ఉంది, పేరెందుకు లెండి, అక్కడ అమ్మాయి వెళ్తే ఇప్పటికీ ముందు ట్రెడ్‌మిల్ చూపిస్తారు. బార్‌బెల్ దగ్గరికి వెళ్తే "చేతులు మగాళ్ళలా అయిపోతాయమ్మా" అంటారు.

మీ ఊళ్ళో బరువులెత్తే అమ్మాయి ఉంటే, ఆవిడకి ఇష్టమైతేనే, పేరు కామెంట్‌లో పెట్టండి. ఒంటి బరువు అడగను. స్నాచ్ ఎంతో రాయండి చాలు.