పెన్న వెంట పిట్టల సరిహద్దులు

విదురాశ్వత్థ అనగానే చరిత్ర చదివినవారికి 1938 ఏప్రిల్ 25 నాటి పోలీసు కాల్పులు గుర్తుకొస్తాయి. ఆ ఊరి పక్కన పారే ఉత్తర పినాకినికి అంతకంటే ఎంతో పాత చరిత్ర ఉంది. ఏ జీవి ఎక్కడ బతకాలో రాయీ వానా కలిసి తేల్చిన చరిత్ర అది.

నంది కొండల్లో పుట్టిన ఈ నది హిందూపురం ప్రాంతంలోకి వచ్చి, పెన్నగా అనంతపురం, కడప, నెల్లూరు సీమలను దాటి 597 కిలోమీటర్ల తర్వాత సముద్రంలో కలుస్తుంది. బాగేపల్లి మీదుగా వచ్చే చిత్రావతి కూడా దీని ఉపనదే. నైరుతి మేఘాల తడిని పడమటి కనుమలే చాలావరకు పిండుకోవడంతో ఈ పరీవాహకంలో ఎక్కువ భాగం మెట్టసీమ.

1,478 మీటర్ల ఎత్తున్న నంది శిఖరం తీరు వేరు. అక్కడ మంచు పడుతుంది, చెట్లు దట్టంగా ఉంటాయి. ఆ చెట్లలో నీలగిరి అడవి పావురం కనిపిస్తుంది. దాని అసలు తావు పడమటి కనుమలు. మధ్యలో ఉన్నదంతా దానికి పనికిరాని ఎండు మైదానం. వానలు మెండుగా ఉన్న ఏదో పూర్వయుగంలో తడి అడవి ఇక్కడిదాకా పరుచుకుని, తర్వాత కొండతలలకు కుంచించుకుపోయి ఉండవచ్చు. లేదా పావురమే ఎగిరొచ్చి నిలదొక్కుకుని ఉండవచ్చు. ఎలా చూసినా మెట్ట మధ్య ఈ కొండ కడలి మధ్య దీవి లాంటిదే. జంతువుల భౌగోళిక వ్యాప్తిపై 1876లో రెండు సంపుటాలు వెలువరించిన ఆల్ఫ్రెడ్ వాలెస్ కూడా జీవుల నేటి ఉనికిని నేల గతంతో కలిపే చదివాడు.

పసుపు గొంతు పిగిలిపిట్టకు తడి అడవి అక్కర్లేదు. బండరాళ్ల నడుమ తుప్పలున్న కొండవాలు కావాలి. నంది కొండల్లోనూ, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండల్లోనూ ఉంటుంది. దక్షిణ భారతం దాటితే ఎక్కడా లేదు.

పెన్న కిందికి దిగితే కలివి కోడి కథ వస్తుంది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన థామస్ జెర్డన్ 1848లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. గోదావరి లోయలోనూ కొన్ని ఆధారాలు దొరికాయి. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించాక మళ్లీ జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానికుల సాయంతో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లెలో దాన్ని మళ్లీ కనుగొన్నాడు. పగలు పొదల చాటున ఉండి, రాత్రి ఖాళీ నేల మీద తిరిగే పిట్ట అది. పొద మరీ చిక్కనైనా, నేల మరీ బోడిదైనా దానికి చెల్లదు. దాని దగ్గరి బంధువులు ఆఫ్రికాలో ఉన్నాయి. నడుమ సముద్రం, ఎడారులు. వేరుపడిన కొమ్మ ఇక్కడ తనదైన జాతిగా రూపుదిద్దుకుంది.

ఈ హద్దులు ఏర్పడటానికి యుగాలు పట్టింది. చెరపడానికి అంత కాలం అక్కర్లేదు. తెలుగు గంగ కాలువ పనులు కలివి కోడి నేలను తాకాయి. బండల క్వారీలు పిగిలిపిట్ట కొండలను తొలుస్తున్నాయి. పక్క కొండకు ఎగిరిపోతాయిలే అనుకోవడానికి వీల్లేదు. పక్క కొండలో ఆ రాయి, ఆ తుప్ప, ఆ వాన ఉంటేనే పిట్ట నిలుస్తుంది.