మాది కాని నవాబీ

తురకోళ్ళంటే నవాబులని నమ్మే తెలుగు సమాజానికి సాలార్‌జంగ్ మ్యూజియం ఒక రుజువు. "ఎంత అనుభవించారయ్యా మీవాళ్ళు!" అని భుజం తట్టి మరీ అంటారు. పెద్ద అంబర్‌పేట్‌లో బస్సెక్కి, హయత్‌నగర్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటి చాదర్‌ఘాట్ దాకా నిలబడి వచ్చి, మూసీ ఒడ్డున ఆ తెల్లటి భవనంలోకి అందరిలాగే టికెట్టు కొనుక్కుని పోయే మాకు ఆ 'మీవాళ్ళు' ఎవరో అంతుపట్టదు. మావాళ్ళు దూదేకారు, టాంగాలు తోలారు, ఎడ్లకు లాడాలు కొట్టారు, దర్జీ మిషను ముందు నడుం వంచారు.

లెక్క చూద్దాం. మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా దివాను. ముసుగు రెబెక్కా పాలరాతి బొమ్మను 1876లో రోంలో కొన్నది ఆయనే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912లో దివానై, రెండేళ్ళకే దిగిపోయి, మిగతా జీవితమంతా వస్తువులు కూడబెట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. మంచి కన్నున్న మనిషే, కాదనం. ఆ కన్నుకు ఖర్చు పెట్టుకున్నది మాత్రం జాగీరు రైతు. శిస్తు కట్టేటప్పుడు రామయ్యా మస్తానూ ఒకే వరసలో నిలబడ్డారు. ఈ ముక్క మా అష్రాఫ్ పెద్దలకూ చెప్పాల్సిందే. అత్తరు పూసుకుని పాత దేవిడీల గొప్ప చెప్పుకునేటప్పుడు వాళ్ళకూ దూదేకులోడు గుర్తుకు రాడు.

1949 మార్చి 2న ఆయన వారసులు లేకుండా పోయాడు. 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియం తెరిచాడు. 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థను చేసింది. 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. ఇదంతా ఎక్కడైనా దొరికే చరిత్రే. ఆ తేదీలకు కాస్త వెనక 1948 సెప్టెంబర్ ఉంది. రజాకార్ల ఘోరాలను మేం దాచం. కానీ పోలీసు చర్య వేళా, ఆ తర్వాతా జరిగిన మారణకాండలో చచ్చింది రజాకార్లే కాదు. నెహ్రూ ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం ఊళ్ళు తిరిగి, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనా కట్టింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. నవాబుగారి గాజు సామాను భద్రంగా జాతికి దక్కింది. మస్తాను ఇంటి సత్తు గిన్నె ఏమైందో ఎవరు రాసిపెట్టారు?

అయినా మ్యూజియానికి వెళ్తాం. మా పిల్లల్ని తీసుకెళ్తాం. బిద్రి సామాను ముందు ఎక్కువసేపు నిలబడతాం. జింకులో కాస్త రాగి కలిపి ఇసుక అచ్చులో పోస్తారు. ఆకురాయితో నున్నజేసి, ఉలిగీత కనబడటానికి మైలుతుత్తంతో నల్లజేస్తారు. గీతల్లో వెండి తీగ కొడతారు. చివరికి బీదరు కోటలోని పాత మట్టి, నవాసాగరం కలిపిన నీళ్ళలో వేడి చేస్తే లోహం కారునలుపవుతుంది, వెండి తెల్లగా మిగులుతుంది. మట్టి పనికొస్తుందో లేదో నాలుక మీద వేసుకుని చూసే పనివాళ్ళున్నారు. ముస్లింలూ లింగాయతులూ చేసిన పని ఇది. 1956 దాకా బీదరు మన హైదరాబాద్ రాజ్యంలోదే. రెబెక్కాను చెక్కిన బెంజోనీ పేరు గైడ్లందరికీ నోటికొచ్చు. హుక్కా బుడ్డి మీద వెండి పూలు పూయించినవాడికి పేరు లేదు, ఊరు పేరే అతని పేరు.

పనివాళ్ళు పేరు పెట్టుకోవడం మన ఆనవాయితీ కాదు కదా అంటారు. నిజమే, కొంతవరకు. అదే మ్యూజియంలో యాకూత్ అల్ ముస్తాసిమీ రాసిందని చెప్పే ఖురాన్ ఉంది. జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు, ముగ్గురు పాదుషాల సంతకాలున్న ప్రతి అది. యాకూత్ ఎవరు? బాగ్దాద్ ఖలీఫా ఇంటి బానిస. 1298లో చనిపోయాడు. కలం పట్టిన బానిస పేరు ఏడు వందల ఏళ్ళు నిలిచింది. ఉలి పట్టినవాడి పేరు అడిగిన పాదుషా లేడు, అడిగిన దివానూ లేడు.

జనం మాత్రం గడియారం దగ్గరే ఉంటారు. కుక్ అండ్ కెల్వీ కంపెనీది. గంటకు కాస్త ముందు గడ్డం బొమ్మ తలుపు తీసుకుని వచ్చి, గంటలు కొట్టి లోపలికి పోతుంది. దానికోసం బెంచీల మీద ఇరుక్కుని కూర్చుంటారు. పన్నెండింటికైతే కాలు పెట్టే చోటుండదు. ఆ గడియారంలోనే ఒక పక్క చిన్న కమ్మరి బొమ్మ ఉంది. వాడు సెకనుకొక దెబ్బ చొప్పున సుత్తి కొడుతూనే ఉంటాడు, జనం ఉన్నా, లేచి పోయినా.