వంక లేనమ్మ

'వంక లేనమ్మ డొంక పట్టుకు ఏడ్చిందట.' అయినదానికీ కానిదానికీ అభ్యంతరం చెప్పేవాళ్ళని వెక్కిరించే సామెత ఇది. నన్ను ఆపింది అందులోని 'అమ్మ'.

సంస్కృత 'వక్రం' ప్రాకృతంలో 'వంక' అయింది. మన 'వంగు' కూడా దాని పక్కనే ఉంది. వంకర, నెలవంక, వాగూవంకా - అన్నీ వంపులే. వంపు లోపమైంది, లోపం సాకైంది. 'పేచీ' కథా ఇంతే. పారశీకంలో 'పేచ్' అంటే మెలిక.

అయితే వంక 'పెట్టడం' వేరు, వంక 'చెప్పడం' వేరు. పెళ్ళిచూపుల్లో పిల్లకి వంక పెట్టేది మగపెళ్ళివారు. పుట్టింటికి వెళ్ళాలంటే ఏదో ఒక వంక చెప్పుకోవలసింది ఆ పిల్ల. సామెతలో అమ్మ ఎవరికీ వంక పెట్టలేదు. ఏడవడానికి ఆమెకొక సాకు కావాలి, అది లేక డొంకని పట్టుకుంది. అంతమాత్రానికే నవ్వులపాలైంది!

ఉప్పాడ మగ్గాల దగ్గర ఈ తేడా డబ్బుల్లో కనిపిస్తుంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఇక్కడి జాందానీలో బుటా దారాన్ని పేక మధ్య చేత్తోనే ఇమడ్చాలి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేసినా చీరకి వారాలు, ఒక్కోసారి నెలలు. నూలిచ్చిన షావుకారు చీర విప్పి ఒక పోగు తప్పిందని వంక పెడితే కూలి తగ్గుతుంది. నేసినవాళ్ళు కరెంటు పోయిందనో, ఒంట్లో బాగాలేదనో చెబితే అది వంక చెప్పడమే అవుతుంది. ఇంట్లో కండెలు చుట్టే ఆడవాళ్ళ పనికి మాత్రం ఎవరూ వంక పెట్టరు. కోయడానికి వాళ్ళకి విడిగా కూలంటూ ఉంటే కదా.