లోహపాత్ర నాదం: న్యూ ఏజ్, యాంబియంట్ సంగీతాల కలయిక

1987లో ‘న్యూ ఏజ్’ పేరిట మొదలైన గ్రామీ పురస్కార విభాగం 2023 ప్రదానోత్సవం నాటికి ‘న్యూ ఏజ్, యాంబియంట్ లేదా చాంట్’ విభాగంగా మారింది. మూడు ధోరణులను ఒకే అరలో సర్దారన్నమాట. కుండపెంకులను వర్గీకరించే వృత్తిలో ఉన్నవారికి ఇటువంటి అరను చూడగానే ఒక ప్రశ్న తలెత్తుతుంది: ఇవి ఒకే పొరలో పుట్టినవా, తరువాత కలిసిపోయినవా?

పుట్టుకలు వేరు. అమెరికన్ జాజ్ క్లారినెట్ వాద్యకారుడు టోనీ స్కాట్ 1964లో ఇద్దరు జపాన్ విద్వాంసుల కోటో, షాకుహాచి వాద్యాలతో కలిసి చేసిన ‘మ్యూజిక్ ఫర్ జెన్ మెడిటేషన్’ను న్యూ ఏజ్ తొలి రికార్డులలో ఒకటిగా చెబుతారు. ధ్యానం దాని పేరులోనే ఉంది. 1978లో బ్రయన్ ఈనో ‘యాంబియంట్’ శ్రేణిని ప్రారంభించినప్పుడు పేరులో ఉన్నది విమానాశ్రయం. శ్రద్ధగా విన్నా, పట్టించుకోకపోయినా చెల్లే సంగీతం ఆయన కోరినది. రోగం నయం చేస్తానన్న వాగ్దానం అందులో లేదు. అయితే ప్రశాంతతను కలిగించాలన్న ఉద్దేశాన్ని ఆయనా దాచుకోలేదు. హద్దు చెరగడం మొదలైనది అక్కడే. న్యూయార్క్‌లోని వాషింగ్టన్ స్క్వేర్ ఉద్యానంలో జితర్ వాయిస్తున్న లరాజీని ఈనో విని, 1980లో అదే శ్రేణిలోని మూడవ రికార్డును ఆయనతో చేయించారు. దానిలో ఒక పక్క ‘డాన్స్’, మరొక పక్క ‘మెడిటేషన్’. దీనిని ఏ అరలో పెట్టాలి?

మన రంగానికి నేరుగా తగిలే విషయం వేరొకటి ఉంది. 1972లో హెన్రీ వుల్ఫ్, నాన్సీ హెన్నింగ్స్ ‘టిబెటన్ బెల్స్’ వెలువరించారు. అటుపై, గిన్నె అంచును కర్రతో రుద్ది రాబట్టే నాదం రెండు ధోరణులకూ ఉమ్మడి ఆస్తి అయింది. అది వేల ఏళ్ళనాటి బౌద్ధ నాదచికిత్స అన్న ప్రచారమూ దాని వెంట వచ్చింది. రికార్డు అందమైనదే, ఆ మాట కాదనను. కానీ పురావస్తు పరిశోధకులు ఇక్కడ మౌనం వహించరాదు. టిబెట్ మఠాల క్రతువులలో ప్రముఖంగా కనిపించేవి చేతిఘంట, తాళాలు, డోలు, పొడవాటి బూరలు. గిన్నె రుద్ది చేసే ప్రాచీన చికిత్సకు ఆధారం లేదు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోని ప్రసిద్ధ అమరావతి ఫలకంలో దేవతలు నాట్యమాడుతూ బుద్ధుని భిక్షాపాత్రను స్వర్గానికి కొనిపోతారు. అక్కడ పాత్ర పూజ్యవస్తువు, వాద్యం కాదు.

ఫ్రెంచ్ స్వరకర్త ఎలియాన్ రాడీగ్ మార్గం భిన్నమైనది. 1970లలో టిబెట్ బౌద్ధాన్ని స్వీకరించి, కొంతకాలం రచన మానివేసి, తిరిగి వచ్చాక ఏఆర్‌పీ 2500 సింథసైజర్‌తో మిలరేపా గీతాలకూ, ఆపై బార్దో భావనకూ నాదరూపమిచ్చారు. ఆమెకు ఆధారం ప్రాచీనమనిపించే వస్తువు కాదు, గ్రంథమూ సాధనా. ఈ కలయికలో నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా తోచేది ఆమె కృషే.

2005లో బీజింగ్‌కు చెందిన ఎఫ్‌ఎం3 జంట, చైనా ఆలయాల వద్ద అమ్మే జపపు పెట్టెల వంటి చిన్న ప్లాస్టిక్ పెట్టెలో జపానికి బదులు తొమ్మిది నాదఖండాలను నింపి ‘బుద్ధ మెషీన్’ అని పేరు పెట్టింది. ముందు తరాల తవ్వకంలో ఈ రెండు రకాల పెట్టెలూ ఒకే పొరలో దొరికితే, పైరూపాన్నిబట్టి వాటిని వేరుచేయడం కష్టమే. లోపలి చిప్ పలకాలి.