గాయాల చికిత్సలో యాంటీసెప్టిక్‌లు

గాయంలో, దాని చుట్టూ ఉన్న చర్మం మీద చేరిన సూక్ష్మజీవులను చంపడానికి లేదా పెరగకుండా ఆపడానికి పైపూతగా వాడే రసాయనాలు యాంటీసెప్టిక్‌లు. యాంటీబయాటిక్ సాధారణంగా బ్యాక్టీరియాలోని ఒక నిర్దిష్ట భాగం మీద పనిచేస్తుంది. యాంటీసెప్టిక్ అలా కాక కణపొర, ప్రోటీన్లు వంటి అనేక భాగాలను ఒకేసారి దెబ్బతీస్తుంది. అందువల్ల సూక్ష్మజీవులు దానికి అంత తేలిగ్గా అలవాటుపడవు. అదే కారణంగా మనిషి కణాలకూ దాని వల్ల హాని కలగవచ్చు. క్రిమి చావాలి, కండ బతకాలి; ఈ రెండింటి మధ్య సమతూకం కోసం జరిగిన వెతుకులాటే ఈ చికిత్స చరిత్ర.

పూర్వరంగం

సూక్ష్మజీవుల సంగతి తెలియక ముందే గాయాలకు మందులుండేవి. ఈజిప్టులో తేనె పూసేవారు, గ్రీకులు ద్రాక్షసారాయితో కడిగేవారు. సుశ్రుత సంహిత వ్రణ చికిత్సకు అరవై ఉపక్రమాలు చెప్పింది. కషాయాలతో కడగడం, వేపాకు, ఆవాలు, నెయ్యి, ఉప్పులతో పొగ వేయడం వాటిలో ఉన్నాయి. గాయానికి పసుపు అద్దడం తెలుగువారికి తరతరాల అలవాటు. గాయాలు మాన్పడంలో పసుపు వాడకంపై అమెరికా 1995లో పేటెంటు ఇవ్వగా, భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసింది. ఈ వాడకం పాతదేనని రుజువు కావడంతో 1997లో ఆ పేటెంటు రద్దయింది.

ఐరోపాలో 19వ శతాబ్దం దాకా చీము పట్టడం గాయం మానడంలో భాగమేనన్న నమ్మకం ఉండేది. వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ 1847లో వైద్యుల చేత క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడిగించాడు. ఆయన విభాగంలో 1846లో 11 శాతం దాటిన బాలింతల మరణాలు 1848 నాటికి 1.3 శాతానికి తగ్గాయి. అయినా నాటి వైద్యలోకం ఆయన మాటను పట్టించుకోలేదు.

లిస్టర్ ప్రయోగం

కుళ్ళు సూక్ష్మజీవుల వల్లే వస్తుందన్న ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ సిద్ధాంతాన్ని శస్త్రచికిత్సలోకి తెచ్చినవాడు జోసెఫ్ లిస్టర్. కార్లైల్ పట్టణంలో మురుగునీటి కంపు పోగొట్టడానికి కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నారని ఆయన విన్నాడు. 1865 ఆగస్టు 12న గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీకి జేమ్స్ గ్రీన్‌లీస్ అనే పదకొండేళ్ళ బాలుణ్ణి తెచ్చారు. బండిచక్రం ఎక్కి కాలి ఎముక విరిగింది, పైన చర్మమూ చీలింది. ఆ రోజుల్లో అలాంటి గాయం కుళ్ళితే కాలు తీసేయడమో, ప్రాణం పోవడమో జరిగేది. లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో ముంచిన గుడ్డను గాయం మీద పరిచి, బద్దలు కట్టాడు. నాలుగు రోజుల తర్వాత విప్పితే చీము లేదు. అయితే ఆమ్లం ఘాటుకు గాయం అంచులు ఎర్రబడ్డాయి. దాంతో మందును నీటిలోనూ నూనెలోనూ పలచన చేసి వాడాడు. ఆరు వారాల్లో ఎముక అతుక్కుంది.

ఈ అనుభవాలను 1867లో లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. అంతకుముందు ఆయన అవయవాలు తొలగించిన 35 మందిలో 16 మంది చనిపోగా, కొత్త పద్ధతి వచ్చాక 40 మందిలో ఆరుగురే చనిపోయారు.

యుద్ధం నేర్పిన పాఠం

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల ముక్కలు మట్టినీ బట్టపేలికలనూ కండలోకి లోతుగా తోసేవి. కండను కుళ్ళబెట్టే గ్యాస్ గాంగ్రీన్ విజృంభించింది. ఆంగ్ల రసాయనవేత్త హెన్రీ డేకిన్ అనేక పదార్థాలను పరీక్షించి, 1915లో సుమారు 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని ఎంచుకున్నాడు. కండను మండించకుండా దాని క్షారగుణాన్ని తగ్గించాడు. దీని ప్రభావం త్వరగా తగ్గిపోతుంది. అందుకే ఫ్రాన్స్‌లోని కంపియేన్ సైనిక ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు అలెక్సిస్ కారెల్ చచ్చిన కండ తీసేసి, గాయంలో రబ్బరు గొట్టాలు అమర్చి, రెండు గంటలకోసారి ద్రావణం పోయించేవాడు.

అదే సమయంలో ఫ్రాన్స్‌లోనే బులోన్‌లో పనిచేస్తున్న వైద్యుడు అలెగ్జాండర్ ఫ్లెమింగ్ మరో కోణం చూపాడు. గాజు గొట్టాన్ని వేడిచేసి, అన్ని వైపులా సన్నని మొనలు లాగి, సందుగొందులున్న యుద్ధగాయానికి నమూనా తయారుచేశాడు. అందులో క్రిములున్న ద్రవం నింపి, తీసేసి, యాంటీసెప్టిక్ పోసినా మొనల్లోని క్రిములు చావలేదు. పైగా శరీరాన్ని కాపాడే తెల్లరక్తకణాలకు మందు ఎక్కువ హాని చేస్తోందని గమనించాడు.

అయోడిన్ కొత్త రూపం

1811లో కనుగొన్న అయోడిన్ టింక్చరుగా ఇంటింటికీ చేరినా, మంట, మరక దాని లోపాలు. 1950ల్లో అమెరికాలో దాన్ని ఒక పాలిమర్‌తో కలిపి పోవిడోన్ అయోడిన్‌ను తయారుచేశారు. ఇందులో అయోడిన్ కొద్దికొద్దిగా విడుదలవుతుంది కాబట్టి మంట తక్కువ. బెటాడిన్ పేరుతో మనకు తెలిసింది ఇదే. 1954లో ఇంగ్లండు నుంచి క్లోర్‌హెక్సిడిన్, 1968లో కాలిన గాయాలకు సిల్వర్ సల్ఫాడయజిన్ వచ్చాయి. పాదరసంతో చేసిన ఎర్రటి మెర్క్యురోక్రోమ్ మాత్రం భద్రతపై సందేహాలతో క్రమంగా వెనకబడింది.

అయితే 1985లో వెలువడిన ఒక ప్రయోగశాల అధ్యయనంలో పోవిడోన్ అయోడిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైపోక్లోరైట్, ఎసిటిక్ ఆమ్లం వాడుక గాఢతల్లో గాయాన్ని పూడ్చే ఫైబ్రోబ్లాస్టు కణాలను చంపాయి. అయోడిన్‌ను బాగా పలచన చేస్తే కణాలు బతికి బ్యాక్టీరియా చచ్చింది.

మానని పుండ్లు

షుగరు వల్ల కాలికి పడే పుండ్లు, ఒత్తిడి పుండ్లు, సిరల వాపుతో వచ్చే పుండ్లు నెలల తరబడి మానవు. 2008లో ప్రచురితమైన పరిశీలనలో దీర్ఘకాలిక పుండ్లలో 60 శాతంలో బయోఫిల్మ్ కనిపించగా, తాజా గాయాల్లో అది 6 శాతమే. ఈ జిగురు పొర కింద దాక్కున్న బ్యాక్టీరియాకు మందు అందదు. అందుకే ముందు చచ్చిన కండనూ పొరనూ తీసేసి, తర్వాత యాంటీసెప్టిక్ వాడతారు. పాలీహెక్సానైడ్, ఆక్టెనిడిన్, నెమ్మదిగా అయోడిన్ విడిచే కట్లు ఈ అవసరం కోసమే ఎక్కువగా వాడుకలోకి వచ్చాయి.

నేటి పద్ధతి

శుభ్రంగా మానుతున్న గాయానికి సాధారణంగా సెలైన్ లేదా మంచినీళ్ళతో కడగడం చాలు. ఎర్రదనం, వేడి, వాపు, చీము, దుర్వాసన ఉంటే కొద్దికాలం యాంటీసెప్టిక్ వాడి, సాధారణంగా రెండు వారాల్లో ఫలితం మళ్ళీ అంచనా వేస్తారు. థైరాయిడ్ జబ్బు ఉన్నవారికి, నవజాత శిశువులకు, ఒంటి మీద ఎక్కువ భాగం కాలినవారికి అయోడిన్ వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. జ్వరం వచ్చినా, ఎర్రదనం చుట్టూ పాకినా పైపూత సరిపోదు. యాంటీబయాటిక్, కొన్నిసార్లు శస్త్రచికిత్స కావాలి. చక్కెర అదుపులో లేకపోయినా, కాలికి రక్తప్రసరణ సరిగా లేకపోయినా ఎంత మంచి యాంటీసెప్టిక్ అయినా పుండును మాన్పలేదు.