జపాన్ రైహోషిన్ ఆచారాలు: ఇంటికి వచ్చే దేవుడు, ఇంటివారి మర్యాద

ఏడాదిలో ఒక నియత దినాన దేవత ఊళ్లోకి వచ్చి, ఇంటింటికీ వెళ్లి, కీడు తొలగించి శుభం పలుకుతుందన్న నమ్మకం జపాన్ ద్వీపాల్లో ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఉంది. ఇలా వచ్చే దేవతలను రైహోషిన్ అంటారు. ముఖానికి ముసుగు పెట్టుకుని, ఒంటికి గడ్డి, ఆకులు, తీగలు చుట్టుకుని ఆ దేవతలయ్యేది చాలాచోట్ల ఊరి మగవాళ్లే.

వీటిలో పేరుపడ్డది అకితా ప్రాంతంలోని ఓగా ద్వీపకల్పపు నమహగే. యాత్రికుడు సుగాయె మసుమి 1811లో దీన్ని చూసి బొమ్మతో సహా నమోదు చేశాడు. అప్పట్లో చాంద్రమాన తొలి నెల పదిహేనో రోజున జరిగేది. ఇప్పుడు డిసెంబరు 31 రాత్రి జరుగుతుంది. చలికాలమంతా పొయ్యి దగ్గరే కూర్చునే సోమరుల కాళ్లకు వేడి మచ్చలు పడతాయి. వాటిని గీకేయడానికే నమహగే కత్తి పట్టుకొస్తాడట. ముందుగా ఒకరు వచ్చి, దేవుడు లోపలికి రావచ్చునా అని అడుగుతారు. ఆ ఏడాది చావు గానీ పురుడు గానీ జరిగిన ఇంట్లోకి వెళ్లరు. అనుమతి దొరికితే గడప దాటి ఏడుసార్లు నేలను తొక్కుతారు. ఏడ్చే పిల్లలెవరు, బద్ధకించే కోడలెవరు అని గద్దిస్తారు. యజమాని వారిని కూర్చోబెట్టి, సాకే మద్యం పోసి, వంటకాలు వడ్డించి, తనవాళ్ల తరఫున జవాబు చెబుతాడు. పిల్లలు వణికిపోయే దృశ్యమే బయటివాళ్ల కంట పడుతుంది గానీ, ఆచారానికి ప్రాణం ఈ సంభాషణే. దేవుడి కోపానికీ బిడ్డకూ నడుమ ఇంటిపెద్ద నిలబడతాడు. పంటలకు, ఆరోగ్యానికి దీవెన అందుకునేదీ అతడే. దుస్తుల నుంచి రాలిన గడ్డిపోచలను శుభమని దాచుకుంటారు.

జానపద పండితుడు ఒరికుచి షినోబు (1887–1953) ఒకినావాలో పర్యటించి, సముద్రం ఆవలి లోకం నుంచి వచ్చే అతిథి దేవతల గురించి ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఆ దేవతలు పలికిన మాటల్లోనే జపాన్ సాహిత్యపు పుట్టుకను చూశాడు. సిద్ధాంతం గొప్పదే. అయితే అన్ని ఆచారాలూ అందులో ఇమడవు. ఓగాలో దేవుళ్లు దిగేది కొండల మీంచి. మియాగి ప్రాంతపు యొనెకవాలో గడ్డి కప్పుకున్నవాళ్లు అగ్నిప్రమాదాలు రాకుండా ఇళ్ల కప్పుల మీద నీళ్లు చల్లుతారు. మియాకో ద్వీపంలోని షిమాజిరిలో పాంతు అనే దేవుడు తీగలు చుట్టుకుని, పవిత్రమైన బావి బురద ఒళ్లంతా పూసుకుని వచ్చి, కొత్త ఇళ్లకూ, ఎదురైనవాళ్లకూ, చంటిబిడ్డలకూ ఆ బురదే పులుముతాడు. అక్కడ అదే దీవెన.

కగోషిమా ప్రాంతంలోని కొషికి దీవుల తొషిదోన్ ఆచారం 2009లో యునెస్కో జాబితాకెక్కింది. 2011లో నమహగేను ప్రతిపాదించగా, తొషిదోన్‌ను పోలి ఉందన్న కారణంతో అంగీకారం దొరకలేదు. చివరకు 2018లో ఎనిమిది ప్రాంతాలకు చెందిన పది ఆచారాలను కలిపి ఒకే వారసత్వంగా నమోదు చేశారు. గుర్తింపు వచ్చింది గానీ ఊళ్లలో మనుషులు తగ్గుతున్నారు. ఓగాలో ఒకప్పుడు పెళ్లికాని యువకులే వేషం కట్టేవారు. ఇప్పుడు నడివయసువాళ్లూ కడుతున్నారు. 1964 నుంచి ఫిబ్రవరిలో షింజాన్ ఆలయం దగ్గర నమహగే సెదో ఉత్సవం పర్యాటకుల ఎదుట సాగుతోంది. అందులో ముసుగులున్నాయి, దివిటీలున్నాయి. జవాబు చెప్పే ఇంటిపెద్ద లేడు. తొషిదోన్‌కు చిక్కు ఇంకా పెద్దది. పిల్లల మంచిచెడులు విచారించి, వాళ్ల వీపు మీద పెద్ద బియ్యపు రొట్టె పెట్టి వెళ్లే దేవుడతను. పసిపిల్లలు లేని ఇంట అతనికి పనే ఉండదు.