సంస్కర్త పీట, కథకురాలి పీట: ‘ధనత్రయోదశి’కి దక్కని స్థానం

భండారు అచ్చమాంబ (1874–1905) పేరు తెలుగు సాహిత్య చరిత్రలో పూర్తిగా మాసిపోయింది ఎన్నడూ లేదు. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసిన విదుషిగా, కొమర్రాజు లక్ష్మణరావు అక్కగా, ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టిన సంస్కర్తగా ఆమెను తలుచుకుంటూనే వచ్చారు. కథకురాలిగా మాత్రం తలుచుకోలేదు. ఆమె రాసిన ‘ధనత్రయోదశి’ 1902 నవంబరులో స్త్రీల పత్రిక ‘హిందూ సుందరి’లో అచ్చయింది. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ ‘ఆంధ్రభారతి’లో వచ్చింది 1910 ఫిబ్రవరిలో. నడుమ ఏడేళ్ల పైచిలుకు తేడా ఉన్నా, దాదాపు నూరేళ్లపాటు తొలి తెలుగు కథ అంటే ‘దిద్దుబాటే’. కాబట్టి అచ్చమాంబను ఎందుకు మరిచారన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆమె చేసిన పనుల్లో దేన్ని గుర్తుంచుకున్నారు, దేన్ని పక్కన పెట్టారు అన్నదే ప్రశ్న. సంస్కర్తగా పీట వేశారు. కథకురాలి పీట లాగెయ్యడానికి దాన్నే సాకు చేసుకున్నారని నా వాదం.

‘ధనత్రయోదశి’ నీతి కథ, అందువల్ల అది ఆధునిక కథానిక కాదన్నది తరచు వినిపించే మాట. రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఈ మాట నిలవదు. మొదటి దానిలో పేదరికం మీదపడి పండగ పూట యజమాని సొమ్ము ఇంటికి తెచ్చిన భర్తను భార్య విజయలక్ష్మి వారిస్తుంది. రెండో దానిలో సానిపాటకు మరిగిన గోపాలరావును భార్య కమలిని ఒక ఉత్తరంతో దారికి తెస్తుంది. తప్పటడుగు వేసిన మగడు, సరిదిద్దే ఇల్లాలు: రెండింటి ఇరుసూ ఒకటే. రెండో కథకు పేరే ‘దిద్దుబాటు’ కదా! అదే ఇరుసు గురజాడ కథలో సాంఘిక ప్రయోజనమై, అచ్చమాంబ కథలో ఉపదేశమైంది. కమలిని మంచం కింద దాక్కుని నవ్వుతుంది, విజయలక్ష్మి ఎదుట నిలబడి వాదిస్తుంది. గురజాడ హాస్యం, నౌకరు రాముడితో నడిపిన సంభాషణలోని ఒడుపు అచ్చమాంబలో లేవు; ఆ మాట ఒప్పుకోవలసిందే. అయితే పనితనంలో తరతమాలు వేరు, కథగా లెక్కకు రావడం వేరు. ఆకలి, అప్పు, పండగ నాటి చిన్నతనం ఒక గృహస్థును దొంగతనం దాకా ఎలా నెడతాయో చూపడం పురాణ కథ పనీ కాదు, పంచతంత్రం పనీ కాదు.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ భాషకు సంబంధించినది. ‘దిద్దుబాటు’ వ్యావహారికంలో నడిచింది, ‘ధనత్రయోదశి’ గ్రాంథికంలో. ఆధునికతకు వాడుక భాషే కొలబద్ద అయితే ఆ కొలతను అందరికీ ఒకేలా వాడాలి. కందుకూరి వీరేశలింగం 1878 నాటి ‘రాజశేఖర చరిత్ర’ గ్రాంథికంలోనే ఉంది. పైగా ఒక ఆంగ్ల నవల ఛాయలో రాసినది. దాన్ని తొలి తెలుగు నవలగా పాఠాల్లో చెప్పుకోవడానికి ఆ రెండూ అడ్డు రాలేదు. నవల దగ్గర అడ్డురాని గ్రాంథికం కథ దగ్గరికి వచ్చేసరికి అనర్హత అయింది. ‘తొలి’ అన్న పట్టం జారుడుదే, నిజమే. పాత పత్రికలు తిరగేసిన కొద్దీ ఇంకా ముందటి కథ దొరకవచ్చు. దొరికితే తేదీ మారుతుంది. అచ్చమాంబదే ‘గుణవతియగు స్త్రీ’ 1901 నాటిది. తర్వాతి కథకుల మీద ప్రభావం గురజాడదే ఎక్కువ అనేవారితో నాకు పేచీ లేదు. కానీ ప్రభావానికి ఇవ్వవలసిన గౌరవం తేదీని మింగకూడదు.

ఇది ఎవరో ఒకరు కుట్ర పన్ని చేసిన పని అనుకోను. స్త్రీల పత్రికలను సాహిత్య పత్రికలుగా చూసి భద్రపరిచినవారు తక్కువ. చూడని సంచికలోని కథ చరిత్రకారుడికి లేనట్టే. దానికి తోడు అచ్చమాంబ కోస్తా సాహిత్య కేంద్రాలకు దూరంగా, భర్త ఉద్యోగరీత్యా నాగపూరు వైపు మరాఠీ, హిందీ నేలల మీద బతికింది. అంచున ఉన్నవారి రాతలను అంచునే ఉంచడం మన చరిత్ర రచనకు కొత్త కాదు. ‘దిద్దుబాటు’ నూరేళ్ల పండగ చేసుకున్న 2010లోనే సంగిశెట్టి శ్రీనివాస్‌ అచ్చమాంబ కథలను పుస్తకంగా తెచ్చారు. ఆధారం దొరకలేదన్న సాకు ఆ ఏటితో చెల్లిపోయింది. కథానిక పాఠం చెప్పే ఉపాధ్యాయులు, పోటీ పరీక్షల ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు ఇకనైనా 1902 నవంబరు తేదీని 1910 ఫిబ్రవరికి ముందు రాయాలి.